బలం గోళీలు

"ఇంట్ల ఉన్న మందులన్నీ గివేనా? ఇంక యాడన్న ఉన్నయా?"

యమున మందుల డబ్బాను మంచం మీద బోర్లించింది. చీటీలు, సగం వాడిన మాత్రల అట్టలు, దగ్గు మందు సీసా దొర్లాయి. ఒక్కొక్క అట్టను వెలుగుకు తిప్పి, పేరు చదివి పక్కన పెడుతోంది.

"బస్సు దిగినప్పటి సంది గిదే పని పెట్టుకున్నవు. చాయన్న తాగలె" అంది జములమ్మ గుమ్మంలో నిలబడి. "ఏం పోయిందని దేవులాడుతున్నవు బిడ్డా?"

"ఏం పోలేదమ్మా. అన్నకు ఎవరో ఏదో మందిచ్చిండ్రు. దవాఖానోళ్ళు రాసిచ్చినయి గాక వేరేది. అదేందో, ఎన్ని దినాలు ఇచ్చిండ్రో నాకు తెల్వాలె. మధ్యాహ్నం రెండు కొట్టే లోపల తెల్వాలె."

గోడ గడియారం పదకొండు దాటింది.

జములమ్మ వసారా వైపు చూసింది. సుదర్శన్ నులక మంచం మీద కూర్చుని జొన్నరొట్టె తుంచుకుని తింటున్నాడు. ముప్ఫై ఆరేళ్ళవాడు. తల మీద వెంట్రుక లేదు గాని, బుగ్గలు నిండుగా ఉన్నాయి.

"జర మెల్లగ మాట్లాడు. ఇప్పుడిప్పుడే మనిషి తేరుకుంటుండు. రెండు రొట్టెలు తింటుండు."

తేరుకోవడం లేదమ్మా. ఆ మాట అనకుండా యమున ఇంకో అట్ట అందుకుంది.

పన్నెండు రోజుల కింద హైదరాబాదులో సుదర్శన్‌ను ఐదు గంటలు కదలకుండా పడుకోబెట్టారు. ఒక చేతి నుంచి రక్తం యంత్రంలోకి వెళ్ళింది. అందులోంచి జబ్బుతో పోరాడే కణాలు ఒక సంచిలో చేరాయి. మిగిలిన రక్తం రెండో చేతిలోకి తిరిగొచ్చింది. ఆ కణాలకు రక్త క్యాన్సరును గుర్తుపట్టడం నేర్పి, కోట్లుగా పెంచి, మళ్ళీ అతని ఒంట్లోకే ఎక్కించాలి.

యమున ఆరేళ్ళుగా చేస్తున్న పరిశోధన అదే. అన్న సంచిని ఆమె ముట్టుకోకూడదని కట్టడి చేశారు. సంచి మీద పేరుండదు, నంబరే ఉంటుంది. కాని ఆ వారం ల్యాబుకు వచ్చింది ఒక్కటే సంచి.

తొమ్మిదో రోజుకు నలభై రెట్లు కావాల్సిన కణాల్లో సగానికి పైగా చచ్చిపోయాయి.

నిన్న సాయంత్రం, ఈ పరిశోధనను నడిపించే డాక్టర్ సాదియా ఆమెను కూర్చోబెట్టి చెప్పింది. "రెండే కారణాలుండాలి యమునా. మీ అన్న కణాల్లోనే సత్తువ అయిపోయి ఉండాలి. అదే అయితే మళ్ళీ తీసి లాభం లేదు. లేదా ఈ కణాలను చంపే స్టెరాయిడ్ మందు ఎవరో ఇచ్చి ఉండాలి. అదే అయితే, ఆ మందు ఒంట్లోంచి పోయాక ఇంకోసారి తీయొచ్చు. రేపు రెండు గంటలకు కమిటీ. ఉన్నది ఒక్క చోటు. ఆ చోటు కోసం ఇంకో రోగి కాచుకుని ఉన్నాడు. రక్త పరీక్షలో తేల్చుకునేంత వ్యవధి లేదు."

రెండుసార్లు కీమో అయింది. రెండుసార్లూ జబ్బు తిరగబెట్టింది. ఇక మిగిలింది ఈ దారే.

"అమ్మా, ల్యాబుల అన్న కణాలు పెరగలేదు" అంది యమున చివరికి.

జములమ్మ నెమ్మదిగా గడప మీద కూర్చుంది.

"జీవోటీల ఫెయిలైనట్టా?"

యమున కళ్ళు మూసుకుంది. అయిజ చుట్టుపక్కల ఆ మాట తెలియని ఇల్లు లేదు. ఏడాదంతా చాకిరీ చేసి తీసిన పత్తి విత్తనాన్ని కంపెనీవాళ్ళు మొలిపించి చూస్తారు. కల్తీ కనబడిందంటే మొత్తం లాటు పోయినట్టే. ఆ పరీక్షే జీవోటీ.

"అట్లనే అనుకో. కాని ఇంకో ఛాన్సుంది. మీరు నిజం చెప్తేనే ఉంది. గోడకు కాగితం అంటించి పోయిన గద. నన్నడగకుండ ఏ మందు వేయొద్దు, ఏ సూది పొడిపించొద్దు అని రాసిన గద. ఎవరిచ్చిండ్రు?"

"మనింట్ల ఎవ్వరిస్తరు? ఎవ్వరియ్యలే."

"నాకు తెల్వదను, ఒప్పుకుంట. ఎవ్వరియ్యలే అని ఎట్లంటవు?"

జములమ్మ కొంగు కొస వేలికి చుట్టుకుంది. విప్పింది. మళ్ళీ చుట్టుకుంది.

"అమ్మా."

"నేనే ఇచ్చిన" అంది జములమ్మ.

"ఏమిచ్చినవు?"

"నా మోకాళ్ళ నొప్పులకు తెచ్చుకున్న గోళీలు. ఆడు నొప్పులని మొత్తుకుంటుంటే చూడబుద్ధి గాలె. ఇచ్చిన. ఇగ నన్ను కొట్టు, సంపు. ఇడిసిపెట్టు గా ముచ్చట."

"ఎన్నడిచ్చినవు?"

"హైదరాబాదు పోయే ముందటి వారం."

"ఎన్ని దినాలు?"

"వారం దినాలు. పొద్దున, మాపున."

యమున తల్లి ఎదురుగా వచ్చి నేల మీద కూర్చుంది. గొంతు తగ్గించింది.

"ఆ వారం నువ్వు పాన్‌గల్‌ల ఉన్నవమ్మా. సత్యమ్మ పిన్నికి కన్ను ఆపరేషనైతే కూడ ఉండనీకి పోయినవు. నేను ఫోను చేస్తే పిన్ని ఎత్తింది, నీకిచ్చింది. యాదికి లేదా?"

జములమ్మ కొంగు కొస మళ్ళీ వేలికి చుట్టుకుంది.

"ఎవర్ని కాపాడుతున్నవు?"

"ఎవర్ని గాదు."

"అమ్మా, నీ అబద్ధంతోని అన్న పోతడు. అర్థమైతుందా? తారీకులు తప్పు చెప్తే వాళ్ళు నమ్మరు. నమ్మకపోతే పేరు కొట్టేస్తరు."

"నేను ముసల్దాన్ని. నామీద పడితే పడనియ్యవే" అంది జములమ్మ. "అదింక బతకాల్సిన పిల్ల."

యమున తలెత్తింది.

పెరటి తలుపు దగ్గర స్వరూప నిలబడి ఉంది. సుదర్శన్ భార్య. నెత్తికి కట్టిన తువ్వాలు ఇంకా విప్పలేదు. వేళ్ళ కొసలకు పసుప్పచ్చగా పత్తి పుప్పొడి అంటుకుని ఉంది.

"చేన్ల పని ఇడిసిపెట్టి వచ్చినవేందే?" అంది జములమ్మ గాభరాగా. "మధ్యాహ్నం దాటితే మొగ్గలు పనికొస్తయా? పో, నువ్వు పో. ఇక్కడ నీకేం పని లేదు."

నిన్న సాయంత్రం రేకులు వలిచి పెట్టిన ఆడ మొగ్గకు ఈ పూటే మగ పువ్వును అద్దాలి. దాన్నే ఇక్కడ క్రాసింగ్ అంటారు. పెళ్ళయిన పదేళ్ళలో, ఏటా క్రాసింగు సాగే ఈ రెండు నెలల్లో, దవాఖానకు పోయిన రోజులు తప్ప స్వరూప ఒక్క పూట కూడా చేను వదిలి రాలేదు.

"యమున వచ్చిందని చెప్పిండ్రు. చెప్పకుండ వచ్చిందంటే మంచి ముచ్చట గాదని వచ్చిన" అంది స్వరూప. "అత్తకేం తెల్వదు. నేనే ఇచ్చిన."

"నువ్వు నోరు మూస్తవా లేదా?" అంది జములమ్మ.

"నోరు మూస్తే ఆయన దక్కుతడా అత్తా?"



"ఏమిచ్చినవు వదినె?" అడిగింది యమున.

"బలం గోళీలు."

"ఎవరి దగ్గర తెచ్చినవు?"

"కృష్ణయ్య డాక్టరు దగ్గర. ఊరంత ఆయన దగ్గర్నే తీసుకుంటరు గద. పొట్లం కట్టి ఇచ్చిండు."

స్వరూప లోపలికి వెళ్ళి బియ్యం డ్రమ్ము మీది చాట తీసింది. కాగితం పొట్లం తెచ్చి యమున చేతిలో పెట్టింది. అందులో చిన్న చిన్న తెల్ల మాత్రలు. అట్ట లేదు. పేరు లేదు.

గోడకంటించిన కాగితం ఎవరి కోసం రాసినట్టు? పేరే లేని మాత్రను మందని ఎలా గుర్తుపడతారు?

యమున ఆర్ఎంపీ కృష్ణయ్యకు ఫోను కలిపింది.

"గవా? బలానికేనమ్మా. డెక్సా" అన్నాడతను. "ఆకలైతది, నొప్పులు పోతయి, మనిషి నిండుగైతడు. ఇరవై ఏండ్ల సంది ఇస్తున్న. నా చేతి మీద ఎవ్వరు చావలే. ఎందుకు, మీ అమ్మకు గూడ కావాల్నా?"

యమున ఫోను పెట్టేసింది. డెక్సా అంటే డెక్సామెథసోన్. అసలు సిసలు స్టెరాయిడ్.

"ఎన్ని దినాల సంది వదినె?"

"మిషను మీదికి పోయే పద్దినాల ముందు మొదలువెట్టిన. దినాం మూడు."

"దవాఖానల అడిగిండ్రు గద, వేరే మందులేమన్న వాడుతున్నరా అని?"

"అడిగిండ్రు. లేదన్న. బలం గోళీ మందెట్లైతది యమునా? అన్నం లెక్కనే గద అనుకున్న."

"అసలెందుకిచ్చినవు? నొప్పులా?"

స్వరూప తల అడ్డంగా ఊపింది. యమునను చూసింది.

"నువ్వు చెప్పినవనే ఇచ్చిన."

"నేనా?"

"వానలు మొదలయ్యే ముందల గా వసారాలనే కూసోని చెప్తివి. అన్న రక్తంలకెల్లి విత్తనం తీస్తమంటివి. ల్యాబుల దానికి కొత్త గుణం ఎక్కిస్తమంటివి. దాన్ని పెంచి మల్ల అన్న ఒంట్లనే నాటుతమంటివి. మాకు అర్థమయ్యేటట్టు చెప్పినవు. మస్తు మంచిగ చెప్పినవు."

యమున పొట్లాన్ని మంచం మీద పెట్టింది.

"విత్తనం సంగతి నాకు తెల్వదా? తల్లి చెట్టు బక్కగుంటే గింజ తాలుపోతది. అందుకే క్రాసింగుకు ముందల చెట్లకు బలం మందు కొడ్తం. ఆయనేమో ఎముకల గూడయిండు. గా ఒంట్లకెల్లి తీస్తే ఏం విత్తనమొస్తది అనుకున్న. గింజ మంచిగ రావాల్నని ఇచ్చిన. నొప్పికి గాదు యమునా. విత్తనానికే ఇచ్చిన."

చెప్పడం అయిపోయింది.

వసారాలో కంచం కింద పెట్టిన చప్పుడైంది.

యమున తన ఫోను తీసింది. వారం కిందటి ఫోటో వెతికింది. వీడియో కాల్‌లో సుదర్శన్ నవ్వుతున్నాడు. నిండు చందమామలాంటి మొహం. ఆ రోజు ఆమె ల్యాబంతా తిరిగి చూపించింది. చూడండి, మా అన్న ఎట్ల కోలుకున్నడో చూడండి అని.

మొహం అలా గుండ్రంగా ఉబ్బితే స్టెరాయిడ్‌ను అనుమానించాలని ఆమె కాలేజీలోనే చదువుకుంది. పరీక్షలో రాసింది కూడా.

"నేను చూసిన వదినె" అంది. "చూసి సంబరపడ్డ."

స్వరూప ఏడవలేదు. "ఇప్పుడు ఆపేస్తే మంచిగైతదా?"

"ఆఖరుది ఎప్పుడేసినవు?"

"ఇయ్యాల పొద్దున. రొట్టెతోని. మనిషి నిండుగైతుండని ఆపలే."

యమున డాక్టర్ సాదియాకు ఫోను చేసింది. స్పీకరు పెట్టి మంచం మీద ఉంచింది. మాత్ర పేరు, తారీకులు, రోజుకు ఎన్ని, అన్నీ చెప్పింది. అవతల సాదియా గట్టిగా ఊపిరి వదిలింది.

"అల్లాకు శుక్రియా. అయితే కణాలు వాటంతటవి చావలేదన్నమాట" అంది. "సరే, విను. ఒక్కసారిగా ఆపొద్దు, ప్రమాదం. ఈరోజే బయల్దేరి రండి, ఇక్కడ కొద్దికొద్దిగా తగ్గిద్దాం. తగ్గిస్తే నొప్పులు తిరిగొస్తాయి. జబ్బు కూడా తలెత్తొచ్చు, ఇన్నాళ్ళూ ఆ మాత్రే దాన్ని కొంత అణచిపెట్టింది. మీ అన్న దానికి సిద్ధపడాలి."

"సిద్ధపడతడు మేడం."

"కమిటీ ఒక్కటే అడుగుతుంది. అది నిషేధించిన మందని రోగికి తెలుసా అని. తెలియక జరిగితే పొరపాటు, ఇంకోసారి తీయడానికి ఒప్పుకుంటారు. తెలిసి వాడితే సంతకం పెట్టిన మాట తప్పినట్టు. అలాంటివాళ్ళను మళ్ళీ తీసుకోరు. ఎవరిచ్చారో, ఎలా జరిగిందో రోగి తన నోటితో చెప్పాలి. నేను రాసి పంపాలి."

"నేను చెప్త..."

"నువ్వు చెల్లెలివి, పైగా ఇక్కడి ఉద్యోగివి. నీ మాట నేను రాయలేను. మీ అన్నను పిలువు."

పిలవాల్సిన పని లేకపోయింది. సుదర్శన్ లోపలి గుమ్మం పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో ఎవరూ చూడలేదు.

"ఏం పంచాయితీ పెట్టిండ్రే మీ ఆడోళ్ళంత?" అన్నాడు. నవ్వబోయాడు. "నేను సచ్చినంక పెట్టుకోరాదు."

"ఆ మాటనకు కొడుకా" అంది జములమ్మ.

అతను నెమ్మదిగా వచ్చి మంచం మీద, ఫోను పక్కన కూర్చున్నాడు. భార్య వైపు చూశాడు. స్వరూప తల దించుకుని వేళ్ళకంటిన పుప్పొడిని చీర కుచ్చిళ్ళకు తుడుస్తోంది. ఎంత తుడిచినా పోవడం లేదు.

"నమస్తే మేడం. అంత ఇన్న."

"నమస్తే సుదర్శన్ గారూ. భయపడకండి. ఏం జరిగిందో చెప్పండి చాలు."

"ఒక్క మాట అడుగుత మేడం. రెండోసారి తీస్తే గ్యారంటీగ పెరుగుతయా?"

"గ్యారంటీ ఇవ్వలేను" అంది సాదియా. "పెరగొచ్చు. సగం సగం అనుకోండి."

"మీరు రాసే కాయితం ఎవరెవరు చూస్తరు?"

"కమిటీ చూస్తుంది. తర్వాత ఫైలులో ఉంటుంది."

"ఎన్ని దినాలుంటది?"

"పదిహేనేళ్ళు దాచాలి."

"పదిహేనేండ్లు" అన్నాడు సుదర్శన్. భార్య వంక మళ్ళీ చూశాడు. "అప్పటికి దీనికి నలభై ఐదుంటయి."

"అన్నా, నువ్వు ఉన్నదున్నట్టు చెప్పు" అంది యమున. "వదినెకు ఏం గాదు. ఆమెను ఎవ్వరేమనరు."

"ఎవ్వరేమనరా?" అన్నాడు. "చెల్లె, నువ్వు ఊరిడిసి ఎన్నేండ్లైంది? మనూర్ల ఏమంటరో నీకు తెల్వదా? మొగని మీద ఈగ వాలినా పెండ్లాన్నే అంటరు. నేను బతికితే అందరు మరుస్తరు. బతకకపోతే?"

"బతుకుతవు!"

"సగం సగమట" అన్నాడు.

"సుదర్శన్ గారూ" అంది సాదియా ఫోనులోంచి. "టైము లేదు. చెప్పండి, ఆ మాత్రలు ఎవరు తెచ్చారు?"

"నేనే తెచ్చుకున్న మేడం."

స్వరూప తలెత్తింది.

"అవి వాడకూడదని మీకు తెలుసా?"

"తెలుసు. గోడకు మా చెల్లె కాగితం అంటించింది. సదివిన. నొప్పికి తాళలేక ఏస్కున్న."

"అబద్ధం!" స్వరూప ఒక్క అంగలో మంచం దగ్గరికొచ్చి ఫోను అందుకుంది. "అబద్ధం మేడం! కృష్ణయ్య డాక్టరు దగ్గరికి నేను పోయిన. నేను తెచ్చిన. ఆయనకేం తెల్వదు. బలానికని చెప్పి నా చేతులతోని ఏసిన. రాస్కోండ్రి, స్వరూప ఇచ్చిందని రాస్కోండ్రి!"

సుదర్శన్ ఆమె చేతిలోంచి ఫోను తీసుకున్నాడు. లాక్కోలేదు. నిద్రపోతున్న పిల్ల చేతిలోంచి బొమ్మ తీసినట్టు మెల్లగా తీసుకున్నాడు.

"నన్ను కాపాడనీకి అట్లంటుంది మేడం. పట్టించుకోకుండ్రి."

"కొడుకా, వద్దురా" అంది జములమ్మ. "నీకు దండం పెడత. నిజం చెప్పురా."

"నువ్వు చెప్పినవా అమ్మా ఇందాక? మోకాళ్ళ నొప్పుల గోళీలంటివి. నేను ఇనలేదనుకున్నవా?"



యమున ఫోను దగ్గరికి వంగింది. "మేడం, వదినె చెప్పిందే నిజం. ప్లీజ్. అన్న కావాలని..."

"యమునా, నీకు ముందే చెప్పాను" అంది సాదియా. "సుదర్శన్ గారూ, ఆఖరుసారి అడుగుతున్నాను. మీరేం చెబితే అదే రాయాలి. ఆలోచించుకుని చెప్పండి. తెలిసి వేసుకున్నారా, తెలియక వేసుకున్నారా?"

స్వరూప అతని కాళ్ళ దగ్గర కూలబడింది. రెండు చేతులతో అతని పాదాలు పట్టుకుంది. తెల్లని పాదాల మీద పసుప్పచ్చని వేళ్ళ గుర్తులు పడ్డాయి.

సుదర్శన్ ఒక చెయ్యి ఆమె తల మీద పెట్టాడు.

"తెలిసే ఏస్కున్న మేడం" అన్నాడు. "రాస్కోండ్రి."



అవతల కీబోర్డు మీద వేళ్ళు కదులుతున్న చప్పుడు మొదలైంది.